ముప్పై ఎనిమిదో మెట్టు

బోర్డు ఇంకా ఆరలేదు. నిన్న సాయంత్రం పెయింటరు పాత పేపరు చుట్టి చేతికిస్తూ ఆరిపోయింది మేడమ్ అన్నాడు గానీ, పెనుకొండ బస్సు హిందూపురం బస్టాండు గేటు దగ్గర గుంతలో పడి లేవగానే పేపరు జరిగి సుజాత బొటనవేలికి ఎర్ర రంగు అంటుకుంది. చున్నీ అంచుతో తుడిచింది. పోలేదు సరికదా ఇంకాస్త పరుచుకుంది. మూడడుగుల రేకు అది. మోకాళ్ళ మధ్య నిలబెడితే గడ్డానికి తగులుతోంది, పడుకోబెడితే పక్క సీటావిడ ఒళ్ళోకి పోతోంది. ఇరవై ఏళ్ళుగా ఆటల టీచరుగా పనిచేస్తూ వాలీబాల్ నెట్లూ జావెలిన్లూ ఇదే బస్సులో మోసిన మనిషి, ఈ రేకుముక్కను ఎట్లా పట్టుకోవాలో తెలియక అవస్థ పడుతోంది. దాని మీది మాటలు ఆమె రాసినవే. మీ తెలుగు బాగుంటాది, మీరే రాసియ్యండి మేడమ్ అని శ్రీకాంత్ ఫోన్లో అడిగితే, హాజరు పుస్తకం వెనక అట్ట మీద రాసి, రెండుసార్లు కొట్టేసి, మర్యాదగా ఉండాలని ముందర ఒక మాట చేర్చి మరీ ఇచ్చింది. దయచేసి ఈ దారిలో గొర్రెలను, మేకలను తోలరాదు. దయచేసి అట. ఒక మనిషి కాలు విరగ్గొట్టి, ఆ మనిషి దారి ఆ మనిషికే మూసేస్తూ దయచేసి అని రాసే తెలివి ఇంకెవరికైనా వచ్చేదో లేదో గానీ సుజాతకు వచ్చింది. గంట ప్రయాణం. పెనుకొండలో శ్రీకాంత్ బండి వేసుకుని వచ్చి ఉంటాడు, ఎనిమిదికల్లా గొర్రెలగుట్ట కింద దీన్ని నాటాలి. ఈ లోపల ఆమె ఒక మాట చెప్పాలి. నాటేశాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆ సంగతి తెలిసే నిన్న పెయింటరును, అక్షరాలు ఇంకా రోంత లావుగా దిద్దప్పా, దూరానికి కనపడల్ల, అని పురమాయించింది.

"ఏం రాసుండాది మేడమ్ దాని మీద?" అడిగింది పక్కావిడ. రొద్దం పోతోందట, పెనుకొండలో బస్సు మారాలట, ఒళ్ళో తమలపాకుల గంప. మేడమ్ అని ఎట్లా తెలిసిందో, మెడలో విజిల్ చూసి కాబోలు. ఆదివారం కూడా విజిల్ తీయడం గుర్తుండదు సుజాతకు. చదివి చెప్పేలోపే ఆవిడ పేపరు పక్కకు జరిపి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేసింది, చదివి నవ్వింది. "గొర్రెలకి చదువొచ్చునా?" "గొర్రెల్ని తోలేటోళ్ళకి" అంది సుజాత. "వాళ్ళకి మాత్రం వచ్చునా?" అని ఆవిడ మళ్ళీ నవ్వి కండక్టరు వైపు తిరిగింది. తప్పేం అనలేదు. ఆ దారిన మంద తోలే ఎర్రిస్వామికి చదువు రాదు. ఎదుటివాళ్ళు చదివి చెబితే తల కొంచెం వంచి, కళ్ళు నేల మీద పెట్టి వింటాడు, మధ్యలో మాట్లాడడు. ఈరోజు కూడా వస్తాడు. నెలలో మొదటి ఆదివారం గుట్ట దారి పనికి అతను రాకపోవడం మూడేళ్ళలో జరగలేదు. బోర్డు నాటాక దగ్గరికొచ్చి, ఏం రాసినారో చదివి చెప్పండి మేడమ్ అంటాడు, ఇంకెవరినీ అడగడు, ఆమెనే అడుగుతాడు. అప్పుడు ఆమె చదవాలి. దయచేసి, అనే మాటతో మొదలుపెట్టి అతని ముఖం ముందర నిలబడి చదవాలి. పక్కకు జరిగిన పేపరు లాగి అక్షరాలు కనపడకుండా కప్పింది.

ఊరు దాటేసరికి కిటికీ అవతల మల్బరీ తోటలు, వాటి వెనక శనక్కాయ పీకేసిన చేలు, చేల మధ్య ఎవరూ కదపలేక వదిలేసిన బండలు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. వీటిని ఎక్కడం ఒక ఆట అని, తాడు నడుముకు కట్టుకుని వేళ్ళతో పట్టుకుని ఎక్కడానికి బెంగళూరు నుంచి మనుషులు కార్లేసుకుని వస్తారని మూడేళ్ళ కిందట శ్రీకాంత్ చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. శ్రీకాంత్ ఆమె దగ్గర చదువుకున్నవాడే, లాంగ్ జంప్‌లో జిల్లాకు పోయినవాడు, ఇప్పుడు హైవే పక్కన కార్ల ఫ్యాక్టరీలో పని. బెంగళూరులో బండలెక్కడం నేర్చుకుని వచ్చి, మన గొర్రెలగుట్ట మీదుండే బండ యాడా లేదు మేడమ్ అన్నాడు. బండ బాగానే ఉంది, దాని దగ్గరికి పోయే దారే లేదు. ముళ్ళ కలేకంపలు, జారే గులకరాళ్ళు, వాన పడితే కోసుకుపోయే మట్టి. దారి సరిగా లేక ఒక బెంగళూరాయన చీలమండ బెణికించుకుని పోయాక, ఇంకొకరికి దెబ్బ తగిలితే గుట్టకే తాళమేస్తామని పంచాయతీలో అన్నారు. అట్లా మొదలైంది నెలకో ఆదివారం పని. పదీ పన్నెండు మంది, ఎవరికీ ఎవరూ ఏమీ ఇచ్చేది లేదు, ఎవరి చద్ది వాళ్ళది. కంప కొట్టడం, వాన నీళ్ళు దారి మీద పారకుండా పక్కకు తిప్పడం, ఏటవాలుగా ఉన్నచోట రాయి మీద రాయి పెట్టి మెట్లు కట్టడం. సుజాత ఈనాటికీ ఆ బండను పదడుగులు ఎక్కింది లేదు, ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. కానీ దారి ఆమెది. స్కూలు ఆడపిల్లల్ని తీసుకుపోయి తాళ్ళు కట్టించి ఎక్కిస్తుంటే, మా మేడమ్ కట్టిన మెట్లు అని వాళ్ళు ఒకరికొకరు చూపించుకుంటుంటే, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని గర్వం ఆమెకు. ఇంతకూ ఆ దారి చూపించింది ఎవరు? ఎర్రిస్వామి. వాళ్ళ తాతల కాలం నుంచీ గొర్రెలు ఎక్కే దారి. బండ వెనక రాతి గుంతలో వాననీళ్ళు ఉగాది దాకా నిలుస్తాయి, మందకు అవే తాగునీళ్ళు. ఈడ కంప తక్కువుంటాది, ఈడ మట్టి గట్టిగుంటాది, అని కర్రతో గీతలు గీసి చూపించాడు. ఆ గీతల మీదే ముప్పై ఏడు మెట్లు కట్టారు.

ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదోది ఇప్పుడు అక్కడ లేదు గాబట్టి ముప్పై ఏడు.

బస్సు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, డీజిలు వాసనలో పెయింటు వాసన కలిసింది. రాయి పెట్టే పద్ధతి కూడా ఎర్రిస్వామే నేర్పాడు. సిమెంటు లేకుండా దొడ్డికి రాళ్ళగోడ కట్టే చేతులు అవి. మొదటి ఆదివారమే, శ్రీకాంత్ పెట్టిన రాయిని ఇంకొకడు ఎక్కి చూడబోతే వద్దని ఆపాడు. "పెట్టినోడే ఎక్కి నిలబడల్లప్పా. మడమ మీద ఒకతూరి, మునివేళ్ళ మీద ఒకతూరి. కదల్లేదంటే నోరు తెరిచి కూసునింది అని చెప్పల్ల. చెప్పినాక ఇంకెవురూ దాన్ని చూడరు. ఆ మాట మీదనే కాలేస్తారు." ఆ మాట సుజాతకు ఎంత నచ్చిందంటే, దాన్ని రూలు చేసి విజిల్‌తో అమలు చేసింది. ఎవరైనా మెట్టు పెట్టి, మడమ మీద నిలబడకుండానే పక్కకు వచ్చేస్తే పీప్ అని ఊదేది. బెంగళూరు వాళ్ళయినా సరే, ఊదేది. తెలుగు రాని పిల్లలు కూడా ఎక్కి నిలబడి, ఆ ఒక్క మాట వంకరటింకరగా నేర్చుకుని అరిచేవాళ్ళు, కూసునింది. గుట్టంతా వినపడేది. నలుగురు నవ్వేవాళ్ళు. రూలంటే రూలే అని నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేది ఆమె. ఎంత పెద్ద మనిషి పోజు.

పోయిన నెల, అక్టోబరు మొదటి ఆదివారం. శ్రీకాంత్ రెండు చిన్న రాళ్ళు చాలు మేడమ్ అన్నాడు. వద్దు, ఒకటే పెద్దరాయి, దారి మలుపులో ఉండేది, చూడటానికి ఒక అందం ఉండాలి అని పట్టుబట్టింది. గడపంత రాయి. తాళ్ళేసి తొమ్మిది మంది లాగితే పొద్దున పది గంటలకు కదిలింది, సాయంత్రం ఐదుకు తన చోటికి వచ్చింది. అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం నుంచే శ్రీకాంత్ ముఖం మాడ్చుకుని ఉన్నాడు, నేను ముందే చెప్పినా కదా అని నోటితో అనలేదు గానీ గడ్డపార నేలకు కొట్టే తీరులోనే అన్నాడు. బెంగళూరమ్మాయి ఒకతె ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. సుజాత ఎక్కింది. మునివేళ్ళ మీద నిలబడింది, బాగుంది. మడమ మీద నిలబడింది. ఎడమ మడమ కింద రాయి కదిలింది. ఎక్కువ కాదు, ఊడబోయే పాలపన్ను నాలుకకు తెలిసినంత. చూసేవాళ్ళకు ఏమీ కనపడదు. ఆమెకు మాత్రమే, ఆ ఒక్క మడమకు మాత్రమే తెలిసింది. మళ్ళీ లేపాలంటే ఇంకో రెండు గంటలు. ఆరు గంటల బస్సు పోతుంది. శ్రీకాంత్ ఏమంటాడు? రెండు రాళ్ళు పెట్టుంటే పదకొండుకే అయిపోయేది అంటాడు, అన్నా న్యాయమే. "మేడమ్, కూసునిందా?" అని కింద నుంచి ఎర్రిస్వామి అడిగాడు. తలెత్తి చూస్తున్నాడు, చెమట తుడుచుకుంటూ, సంతోషంగా. కూసునింది, అంది సుజాత. అందరూ చప్పట్లు కొట్టారు. తెల్ల పెయింటుతో ఎవరో రాయి పక్కన ముప్పై ఎనిమిది అని వేశారు.

మళ్ళీ ఆదివారం ఒక్కదాన్నే వచ్చి సందులో చిన్నరాయి కొట్టేద్దాం అనుకుంది. నిజంగానే అనుకుంది, అది అబద్ధం కాదు. కానీ ఆ ఆదివారం మండల స్థాయి ఆటల పోటీలు. ఒక్క ఫోన్ చేసుంటే శ్రీకాంత్ డ్యూటీకి పోతూ పోతూ ఐదు నిమిషాల్లో కొట్టేసి పోయేవాడు. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. ఏమని చెబుతుంది? ఆ రాయి ఒకసారి చూడప్పా అంటే, ఏంటికి మేడమ్, మీరు చెప్పినారు కదా అంటాడు. అక్కడికి రాగానే ఫోన్ పక్కన పెట్టేసేది. బుధవారం సాయంత్రం ఖోఖో మధ్యలో వాన దంచింది. పిల్లలందరూ కేరింతలు కొడుతూ వరండాలోకి పరుగెత్తారు. గ్రౌండులో నీళ్ళు చిన్న చిన్న కాలువలుగా పారుతుంటే నిలబడి చూసింది, చూస్తుంటే ఆ మెట్టు గుర్తొచ్చింది, మట్టి దాని ఎడమ మూల కింద నుంచి ఇట్లాగే పోతుంటుంది కదా అనిపించింది. అప్పుడు ఒక పిల్ల, మేడమ్, పోల్స్ తడుస్తాండాయి అని అరిచింది. పోల్స్ తెచ్చి లోపల పెట్టించింది. ఇనప పోల్స్. తుప్పు పడతాయని అంత జాగ్రత్త. మర్నాడు పొద్దున ఎర్రిస్వామి భార్య కదిరమ్మ గొర్రెలతో ఎక్కుతూ ఆ రాయి మీద కాలు పెట్టింది. రాయి తిరిగింది, ఆమె పడింది, రాయి వచ్చి మోకాలి కింద ఎముక మీద పడింది. ఎర్రిస్వామి వీపున వేసుకుని దించాడట. ముప్పై ఏడు మెట్లూ దిగి.

సోమందేపల్లి. బస్సు ఇక్కడ పది నిమిషాలు ఆపుతారు, టీ కోసం. సగం మంది దిగారు. బజ్జీల మూకుడు దగ్గర పొగ, ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు, ఒక గొర్రెపోతును ఆటోలోకి ఎక్కించడానికి ఇద్దరు మగవాళ్ళు తంటాలు పడుతున్నారు. సుజాత చూపు తిప్పుకుంది. ఇక్కడ దిగిపోతే? బోర్డు సీటు కింద పెట్టి, టీ తాగడానికన్నట్టు దిగి, ఎదురుగా వచ్చే హిందూపురం బస్సు ఎక్కేస్తే? బోర్డు బస్సులో మర్చిపోయినా శ్రీకాంతూ, ఒంట్లో బాగలేదు అని మెసేజ్ పెడితే? చూసింది, ఎదురుగా హిందూపురం బస్సు నిజంగానే నిలబడి ఉంది. లేచింది కూడా. "మేడమ్, దిగేదుంటే మీ రేకు తీసుకోండి, నా ఆకులకి రంగు తగులుతాది" అంది పక్కావిడ. సుజాత కూర్చుంది. స్కూల్లో పిల్లలకు వయసు పదమూడో పద్నాలుగో ఉంటుంది, ఆటలో ఫౌల్ చేసి చెప్పకుండా దాచితే వరసలో నిలబెట్టి, ఎవరు చేశారో ముందుకు రండి, ఒప్పుకుంటే ఏమీ అనను అంటుంది. ఎవరో ఒకరు వస్తారు, తల వంచుకుని, చెవులు ఎర్రబడి. రావడానికి వాళ్ళకు ఎంత బలం కావాలో ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వచ్చాక నిజంగా ఏమీ అనకుండా ఊరుకుందా? ఊరుకోలేదు. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించేది.

కదిరమ్మ పడినప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. పడ్డ సాయంత్రం దారి పనివాళ్ళ ఫోన్ గ్రూపులో శ్రీకాంత్ ఫోటో పెట్టాడు. బోర్లా పడ్డ రాయి, పక్కన గుంత, చుట్టూ గొర్రె పెంటికలు. గొర్రెల డెక్కలకు మట్టి లూజు అయినట్టుంది అని ఎవరో రాశారు. ఒకరు అవునన్నారు, ఇంకొకరు అంతే అన్నారు. అప్పుడు శ్రీకాంత్ రాశాడు, అది సుజాత మేడమ్ ఎక్కి చెప్పిన రాయి, ఊరికే కదలదు, గొర్రెలే అయుంటాయి. స్కూలు స్టాఫ్ రూములో కూర్చుని ఆ వాక్యం చదివింది ఆమె. తను నోటితో అన్న అబద్ధమే గొర్రెల మీద సాక్ష్యమైంది. ఆమె అనకపోయి ఉంటే రాయిని అనుమానించేవాళ్ళు, మట్టిని అనుమానించేవాళ్ళు, ఎవరో ఒకరు ఆ మూల సరిగా కూర్చోలేదేమో అనేవాళ్ళు. మేడమ్ చెప్పింది గాబట్టి ఎవరూ అనలేదు. అందరూ ఆమె ఏమంటుందో అని చూస్తున్నారు, చదివినట్టు గుర్తులు నీలంగా మారుతున్నాయి. ఏదో ఒకటి పెట్టాలి. బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టింది. సరే అన్నట్టు. అంతే, తేలిపోయింది. గొర్రెలు రాకుండా బోర్డు పెడదాం, పంచాయతీలోనూ అదే చెబుదాం, లేకపోతే మన మెట్టే జారిందని గుట్ట మూసేస్తారు, అన్నాడు శ్రీకాంత్. మంద నీళ్ళకు గుట్ట చుట్టూ తిరిగి పోవాలి, హైవే పక్కన లారీల మధ్య నడిపించుకుంటూ. పోనీలే, అలవాటవుతుంది, అని ఎవరో రాస్తే దానికీ ఆమె అడ్డం చెప్పలేదు.

బస్సు హైవే ఎక్కింది. వేగం పెరిగేసరికి రేకు సన్నగా వణుకుతూ మోత మొదలుపెట్టింది, మోకాళ్ళతో గట్టిగా నొక్కి పట్టింది. పోయిన ఆదివారం చెప్పాలనే ధర్మవరం వెళ్ళింది. అది మాత్రం నిజం. పొద్దున ప్యాసింజరు ఎక్కినప్పుడు, దిగి కదిరమ్మ కూతురు ప్రమీల ఇల్లు వెతుక్కుంటూ మగ్గాల వీధిలో నడిచినప్పుడు కూడా, ముందు ఆ మాటే చెబుతా, తర్వాతే కూర్చుంటా అని మనసులో గట్టిగా పట్టుకునే ఉంది. ఇల్లంటే ఒకటే గది, గదిలో సగం మగ్గం. మగ్గం పక్కన మంచం, మంచం మీద కదిరమ్మ, కాలికి కడ్డీ వేసి కట్టిన కట్టు. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదట. ఏనాడూ పగలు పడుకుని ఎరగని మనిషి, ఏం చేయాలో తెలియక ప్రమీల నేసి వదిలేసిన పట్టుపోగుల ముక్కలు వేలికి చుడుతోంది, విప్పుతోంది. సుజాతను చూడగానే లేవబోయింది. వద్దక్కా అని భుజం పట్టుకుంది సుజాత. నోరు తెరిచింది. అంతలో కదిరమ్మే మొదలుపెట్టింది.

"మిమ్మల్ని చూడాలంటే సిగ్గైతాంది మేడమ్. తొమ్మిది మంది పొద్దంతా లాగి పెట్టినారంట ఆ రాయి. మా ఆయప్ప ఇంటికొచ్చి అదే మాట, మేడమ్ పెట్టిన రాయి ఎంత బాగుండాదో అని. మా గొర్రెలు తొక్కి తొక్కి చెడగొట్టినాయి. మీ కష్టమంతా మట్టిలో పోసినాం."

మగ్గం దగ్గర నుంచి ప్రమీల, చేయి ఆపకుండానే అంది, మంద ముందు నడిచే ఆ నల్లమూతి గొర్రెను నాయన సంతలో అమ్మేసినాడు మేడమ్, అది ఎప్పుడూ ఆ రాయి మీదనే ఎగిరి దూకుతుండె అని. దాన్ని పిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ సీసాతో పాలు తాపి సాకింది, అనీ అంది. కదిరమ్మ కూతుర్ని కసిరింది, ఇప్పుడు మేడమ్‌కి అదంతా ఏంటికి అని. మగ్గం ఆడుతున్న చప్పుడు, వీధిలో ఎవరో నీళ్ళ బిందె దించిన చప్పుడు. ఇద్దరూ ఆమె ముఖం చూస్తున్నారు. ఆ క్షణంలో ఒక్క మాట, నాలుగైదు ముక్కలు, మీ గొర్రెలు కాదక్కా, నేను. అంతే కదా. సుజాత చేయి చాచి కదిరమ్మ చేయి పట్టుకుని, "పర్వాలేదులే అక్కా" అంది. అన్న తర్వాతగానీ తను ఏమన్నదో తనకే చెవిన పడలేదు. పర్వాలేదు. క్షమించింది. కాలు విరిగి మంచాన పడ్డ మనిషిని, ఏ తప్పూ చేయని మనిషిని, పెద్ద మనసు చేసుకుని క్షమించేసి వచ్చింది. కదిరమ్మ ఆ చేతిని కళ్ళకద్దుకుంది. ప్రమీల టీ పెట్టింది. ఆ టీ తాగింది కూడా.

స్టేషనుకు తిరిగి నడుస్తుంటే కడుపులో ఉన్నదంతా పైకి వచ్చింది, మురుగు కాలువ పక్కన వంగి కక్కుకుంది. దారిన పోయే ముసలాయన ఒకడు, ఎండ దెబ్బమ్మా, నీడకి పో అన్నాడు. అక్టోబరులో ఎండ దెబ్బేమిటి. ఆయన మాటకు తలూపి నీడకు పోయింది. అప్పటి నుంచీ వారం రోజులు, స్కూల్లో అసెంబ్లీలో నిలబడినా, అన్నం వండుతున్నా, పర్వాలేదులే అక్కా అనే తన గొంతు తనకే వినపడుతోంది, మెత్తగా, దయగా. ఆ గొంతును పట్టుకుని నులిమేయాలనిపిస్తోంది. మెట్టు మీద అన్న మాటకైనా బస్సు పోతుందనో, పరువు పోతుందనో ఒక సాకు ఉంది. దీనికేముంది? భయం కూడా కాదు. ఎవరూ అడగలేదు, ఎవరూ అనుమానించలేదు. మంచిదని పేరు ఉంది కదా, ఆ పేరులో కూర్చోవడానికి వెచ్చగా ఉంది, అంతే.

ఫ్యాక్టరీ కార్లు వరసగా ఎక్కించుకున్న పొడుగు లారీ ఒకటి బస్సును దాటుకుని పోయింది, ఆ గాలికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఈ లారీల పక్కనే రేపటి నుంచి మంద. కదిరమ్మ లేదు గాబట్టి ఎర్రిస్వామి ఒక్కడే, ముందు నడవాలా వెనక నడవాలా తెలియక. చెబితే ఏమవుతుంది? లెక్కపెట్టుకోకుండా ఉండలేకపోయింది. శ్రీకాంత్ తల దించుకుంటాడు. గ్రూపులో అందరూ మంచిగానే మాట్లాడతారు, అది ఇంకా ఘోరం. పంచాయతీలో తెలిస్తే గుట్టకు తాళం, మూడేళ్ళ దారి కంపలపాలు. మేడమ్ ఉంది కదా అని ధైర్యంగా ఆడపిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఇక పంపరు. దారి కోసమైనా ఊరుకోవాలేమో, పదిమందికి పనికొచ్చే దారి, ఒక మంద చుట్టూ తిరిగి పోతే ఏమైంది, అని ఒక ఆలోచన చాలా తెలివిగా, టై కట్టుకున్న మనిషిలా వచ్చి కూర్చుంది. దాన్ని కాసేపు కూర్చోనిచ్చింది. ఆ దారి ఎవరిది అని అడిగేసరికి ఆ ఆలోచన లేచి పోయింది. ముందు మాట ఎట్లా మొదలుపెట్టాలో పెదవులు కదపకుండా అల్లుకోసాగింది. శ్రీకాంతూ, నీకొక విషయం చెప్పాల. వద్దు, అది మరీ ఇంటి సంగతిలా ఉంది. ఆ రోజు సాయంత్రం నాకు సరిగా తెలియలేదప్పా. అబద్ధం, సరిగానే తెలిసింది. రోంత కదిలినట్టు అనిపించింది గానీ. అనిపించడం కాదు. గానీ లేదు. ప్రతి వాక్యం చివరా ఒక గానీ వచ్చి నిలబడుతోంది, ఎన్నిసార్లు తోసినా. పెనుకొండ కోట గోడలు ఎడమవైపు కనిపించేసరికి ఆమె దగ్గర పనికొచ్చే వాక్యం ఒక్కటే మిగిలింది, అదీ చాలా చిన్నది.

బస్టాండులో శ్రీకాంత్ నవ్వుతూ బోర్డు అందుకున్నాడు. పేపరు విప్పి చూసి, "బాగా వచ్చింది మేడమ్" అన్నాడు. ఆమె ఆ చిన్న వాక్యం నోట్లో పెట్టుకునే ఉంది. అతను బండి స్టార్ట్ చేశాడు, ఆమె వెనక ఎక్కింది, బోర్డు ఇద్దరి మధ్యా. గాలిలో చెబితే వినపడదని తనకు తనే చెప్పుకుంది. గుట్ట కింద అప్పటికే ఎనిమిది మంది చేరారు. ఎర్రిస్వామి కూడా. బోర్డు స్తంభానికి గుంత అతనే తవ్వుతున్నాడు, ఎవరూ చెప్పకుండానే, మోకాలి లోతు తవ్వేశాడు, లోపలి మట్టి చేత్తో తీసి పక్కన పోస్తున్నాడు. ఈసారి గొర్రెలు లేవు. "పక్కన రాళ్ళు బిగించి కొడదామప్పా, గాలికి ఊగగూడదు" అన్నాడు శ్రీకాంత్‌తో. తన దారికి అడ్డం కట్టే కట్టెకు అతనే గుంత తవ్వి, అది ఊగకూడదని అతనే జాగ్రత్త చెబుతున్నాడు. సుజాత బండి దిగింది.

"ఆ రాయి కదిలింది" అంది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది, ఈసారి ఎర్రిస్వామిని చూస్తూ. "నేను ఎక్కినప్పుడే కదిలింది. మడమకి తెలిసింది నాకు. తెలిసే కూసునింది అని చెప్పినా. మీ గొర్రెలు కాదు. నేను."

ఈసారి చివర గానీ రాలేదు. శ్రీకాంత్ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి, "మేడమ్, ఇప్పుడేంటికి ఇదంతా, అందరి ముందర" అన్నాడు. మిగతావాళ్ళు ఎవరి చేతిలో పార వాళ్ళు చూసుకుంటున్నారు. ఎర్రిస్వామి గుంతలో నుంచి లేవలేదు. చేతులకున్న మట్టి నిదానంగా ఒకదానితో ఒకటి రాల్చుకున్నాడు. తిడతాడనుకుంది, తిడితే బాగుండు అనుకుంది. కదిరమ్మ పేరెత్తుతాడనుకుంది, అమ్మేసిన గొర్రె సంగతి ఎత్తుతాడనుకుంది. అతను దారి వైపు చూశాడు, కింద నుంచి మలుపు దాకా, ఒక్కో మెట్టూ.

"మీరు చెప్పినవి ఇంకెన్ని ఉండాయి మేడమ్ దాంట్లో?" అని అడిగాడు.

అందులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. పదమూడు. మిగిలిన పదమూడూ నిజంగా కూర్చున్నవే, మడమ మీదా మునివేళ్ళ మీదా నిలబడి చూసినవే అని చెప్పడానికి సుజాత నోరు తెరిచింది. తెరిచాక తెలిసింది, ఆ మాట మీద ఇప్పుడు ఎవరూ ఎక్కి నిలబడలేరు. ఇంకా ఒకటుంది. ఇరవై రెండోది, వేసవిలో పెట్టింది, ఎండకు కళ్ళు చీకట్లు కమ్మిన రోజున పెట్టింది, దాని మీద మడమ ఆనించిందో లేదో ఎంత వెతుక్కున్నా ఆమెకే గుర్తు రావడం లేదు.

"పదమూడు" అంది.

ఎర్రిస్వామి లేచి గడ్డపార అందుకున్నాడు. బోర్డు వైపు ఎవరూ చూడటం లేదు. అతను నడిచి మొదటి మెట్టు దగ్గరికి పోయి, గడ్డపార మొన దాని అంచుకు ఆనించి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ఇదెవురిది?"

"నాది" అంది సుజాత.

అతను రాయి కిందికి గడ్డపార దూర్చి, బలమంతా వేసి పైకెత్తడం మొదలుపెట్టాడు.